గాలమునకు ఎర: దానిని నిలువచేయు తీరు



రెడ్డిగూడెమునకు సముద్రము లేదు. మామిడితోటలును, చెరువులును, ఎర్రనేలలును గల ఈ మెట్టప్రాంతమునుండి బందరు తీరము చేరవలెనన్న బెజవాడ మీదుగా దిగి, కృష్ణా డెల్టాను దాటిపోవలెను. ఇట్టి యూరి గ్రంథాలయ రజతోత్సవమున, ఉప్పునీటి చేపలకు వేయు గాలమును గురించియు, ఆ గాలమునకు గ్రుచ్చు ఎరను నిలువచేయుటను గురించియు ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. తోచుట సహజమే. కాని ఈ విషయములో సగము ఈ యూరి యిండ్లలో ముందుగనే తెలిసియున్నది. వేసవిలో మామిడికాయను ముక్కలు కొట్టి, ఉప్పు కలిపి, జాడీలో ఊరబెట్టు గృహిణికి మూడవనాటికి ముక్కనుండి ఊట దిగుననియు, ఊటలో మునిగిన ముక్క చెడదనియు, పైకి తేలిన ముక్కకు బూజు పట్టుననియు ఎవరును చెప్పనక్కరలేదు. తీరమున పల్లెకారు కవళ్ళను ఉప్పులో పెట్టి ఎరగా దాచుకొనునప్పుడు జరుగునదియు ఇదియే.

తక్కిన సగము రైతునకు తెలిసినదే. రైతు పంటలో మేలైన గింజను వేరుచేసి విత్తనమునకు ఉంచుకొనును. అది తినదగిన గింజయే. అమ్మినచో నాలుగు రూకలు వచ్చు గింజయే. అయినను దానిని తినడు, అమ్మడు. ఎర కూడ అట్టిదే. కవళ్ళు, కానాగుర్తలు, రొయ్యలు, పీతలు, ఇవన్నియు మనుష్యుని ఆహారమే. కూరకు కరవైన గుడిసెలో ఎరపెట్టె నిండుగ నుండుట తీరప్రాంతమున వింత కాదు. ఆ పెట్టెలోని చేప చెడిపోయెనా, కూరయు పోయెను, వేటయు పోయెను. కావున ఎరను నిలువచేయుట చిన్న నేర్పుగ కనబడినను, గాలముపై బ్రతుకు కుటుంబమునకు అది విత్తనపు గాదె వంటిది.

ఇంతకు గాలమెందులకు, వలలు లేవా యను ప్రశ్న వచ్చును. వల గుంపుచేపకు తగినది. కాని రాతిదిబ్బలపై వల వేసినచో చినిగిపోవును. లోతునీటిలో ఒంటరిగ తిరుగు పెద్దచేప వలకు అరుదుగ చిక్కును. వంజరము, సొర, పండుగొప్ప, ట్యూనా వంటి చేపలకు చేతిగాలమో, పొడుగుత్రాటికి వరుసగ వ్రేలాడదీసిన గాలములో వేయుట కలదు. గాలమున చిక్కిన చేప వలలో నలిగిన చేపకంటె తాజాగ నుండును గనుక దానికి ధరయు హెచ్చు. దీనికి ప్రతిగా వల కోరని దానిని గాలము కోరును. ప్రతి గాలమునకును ప్రతి దినమును ఒక ఎర కావలెను.

తెప్పపై తెల్లవారుజామున పోయి సాయంకాలమునకు తిరిగివచ్చు పూర్వపు జాలరికి ఎరను దాచు పని అంతగ లేదు. ఒడ్డున చిన్నవల విసరి పట్టిన చేపనే అప్పటికప్పుడు గాలమునకు గ్రుచ్చెడివాడు. పడవలకు ఇంజనులు వచ్చి, వేట వారముదినముల పయనమైన పిదప ఆ తీరు చాలలేదు. లెక్క చూడుడు: వేయి గాలముల త్రాడు ఒక్కసారి దించుటకు, ఎర ఒక్కొక్కటి 80 గ్రాములు తూగినను, 80 కిలోల చేప కావలెను. ఐదు దినములు దించినచో 400 కిలోలు. ఇంత చేపను నడిసముద్రమున దొరకునన్న ఆశతో బయలుదేరువాడు లేడు. ఒడ్డుననే సమకూర్చుకొని పోవలెను. కవళ్ళు ఏడాది పొడుగున ఒకే తీరున పడవు; గుంపు వచ్చిన నాళ్ళలో కుప్పలుగ పడి, పిమ్మట అంతగ కనబడవు. దొరికినప్పుడు దాచినవానికే దొరకనప్పుడు వేట.

ఎరకు ఉండవలసిన గుణములు రెండే. ఒకటి వాసన, రెండవది గట్టిదనము. చేప నీటిలో వాసనను పసిగట్టు శక్తి మనుష్యుని ఊహకు అందనిది. మాంసమునుండి నీటిలోనికి కరగివచ్చు ఆమినో ఆమ్లములు అత్యల్ప పరిమాణములో నున్నను చేప వానిని గుర్తించును. తాజా మాంసమున ఇవి పుష్కలముగ నుండును. కుళ్ళినకొలది అవి విరిగి వేరు పదార్థములుగ మారును. కుళ్ళిన ఎరకు పీతలును, నేల వెదకు జెల్లలును చేరవచ్చును గాని, వంజరమువంటి వేటాడు చేప సాధారణముగ దాని జోలికి రాదు. ఇక గట్టిదనము. మెత్తబడిన ఎర గాలమును నీటిలో వేయు విసురుకే జారిపోవును. లేక చిన్నచేపలు పీకికొని తినిపోవును. వేటగాడు ఉత్త గాలమును సముద్రములో ఉంచి, గంటలకొలది ఎదురుచూచును. అతనికి ఆ సంగతి త్రాడు పైకి లాగినపుడే తెలియును.

ఈ రెండు గుణములును ఒకదానికొకటి కలిసిరావు. ఇదియే ఈ విద్యలోని చిక్కు. ఉప్పు గట్టిదనము నిచ్చి వాసనను తగ్గించును. ఐసు వాసనను నిలిపి గట్టిదనమును సడలించును. ఏ గుణమును ఎంత వదలుకొనవలెనో ఎరుగుటయే నేర్పు. రెండును పూర్తిగ నిలుపు ఉపాయము చనిపోయిన ఎరకు లేదు.

ఎరగ ఎంచు చేపలలో కవళ్ళదియు కానాగుర్తలదియు మొదటి స్థానము. రెండును నూనెచేపలు, నూనె నీటిపై తేలి, వాసన దూరము ప్రాకును. కానాగుర్త మాట వచ్చినది గనుక ఒక ముచ్చట. ఈస్టిండియా కంపెనీ కొలువులో పదునెనిమిదవ శతాబ్దాంతమున విశాఖపట్టణమున నున్న పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు అచటి చేపలను రెండువందలు చిత్రింపించి, జాలరులు పలికిన తెలుగు పేర్లతోనే వివరించి, 1803లో లండనులో గ్రంథముగ ప్రకటించెను. అందలి కానాగుర్త యను పేరే పిమ్మట శాస్త్రజ్ఞులు పెట్టిన లాటిను నామములో చేరి, నేటికిని ప్రపంచమంతట ఆ చేపకు శాస్త్రీయనామముగ చెల్లుచున్నది. విశాఖ జాలరి నోటిమాట అంతదూరము పోయినది. ఆ జాలరి పేరు మాత్రము ఎవరును వ్రాసియుంచలేదు.

కవళ్ళ తరువాత స్క్విడ్ అను పదిచేతుల మెత్తని జీవి చెప్పదగినది. దాని మాంసము రబ్బరువలె సాగును గాని తెగదు. గాలమున గట్టిగ నిలుచును. ఐసులోను చలిపెట్టెలోను తక్కినవానికంటె ఓర్చుకొనును. రొయ్య మేలైన ఎరయే గాని త్వరగ నల్లబడును. ఆ నలుపు కుళ్ళు కాదు, తలలోని ఎంజైముల పని. అయినను మాంసము సడలుచున్నదనుటకు అది గుర్తు. తల తీసి దాచినచో కొంత మేలు.

చేప చచ్చిన క్షణమునుండి రెండు శత్రువులు పని మొదలిడును. చేప కడుపులోని జీర్ణరసములు మొదటివి. కడుపునిండ మేసిన కవలు చచ్చిన కొద్ది గంటలకే పొట్ట పగులుటకు ఇవియే కారణము. ఆహారము నరిగించు రసములు, చేప చచ్చిన పిదప, సొంత గోడనే అరిగించును. సూక్ష్మజీవులు రెండవవి. ఇవి చర్మముపైనను, మొప్పలలోను, ప్రేగులలోను బ్రతికినపుడే ఉండును. బ్రతికినచేప వానిని లోనికి రానీయదు, చచ్చినచేప ఆపలేదు. మన తీరమున నీడలోని వేడియే ముప్పది డిగ్రీలు దాటు నెలలు చాల కలవు. ఆ వేడిలో ఒక్క పూట ఉపేక్షించినచో పిమ్మట ఎంత ఉప్పు పోసినను, ఎంత ఐసు కప్పినను పోయిన గుణము తిరిగిరాదు. ఇది ఎరుగక, అమ్ముడుపోని చేపను సాయంకాలమునకు ఉప్పులో వేసి ఎరగా దాచుట చాలచోట్ల అలవాటు. మిగిలినదానిని విత్తనమునకు ఉంచు రైతును ఎవరైన మెచ్చుకొందురా?

ఇక ఉప్పు విధానము. చేప నీరే ప్రాణముగ గల సూక్ష్మజీవికి ఉప్పు నీటిని అందకుండ చేయును. మాంసములోని నీరు బయటికి వచ్చును, ఉప్పు లోనికి పోవును. రెండు వైపుల సమమగువరకు ఈ రాకపోకలు జరుగును. ఎరకు వాడు పద్ధతి సులభమైనది. కవళ్ళను సముద్రపునీటితో కడిగి, నీరు వాడ్చి, పెద్దవైనచో పొట్ట తీసి, మూడుపాళ్ళ చేపకు ఒకపాలు చొప్పున ఉప్పు తీసికొని, అడుగున ఉప్పు, పైన చేప, దానిపై ఉప్పు, ఇట్లు వరుసలు పేర్చి, బరువు పెట్టి, నీడలో ఉంచవలెను. బరువు లేనిచో పైవరుస ఊటనుండి తేలిపోవును; ఆవకాయలో తేలిన ముక్కకు పట్టిన గతియే దానికిని పట్టును.

ఉప్పులోను తేడా కలదు. మెత్తని పొడి ఉప్పు త్వరగ పని చేయునని చాలమంది తలంపు. అది చర్మముపై ఒక్కసారిగ కరగి, పైమాంసమును బిగియించివేయును. ఆ బిగిసిన పొరను దాటి లోనికి ఉప్పు పోలేదు. పైకి గట్టిగ కనబడిన చేప వెన్నుముకచెంత కుళ్ళుచుండును. అందువలన కల్లుప్పే మేలు. మెల్లగ కరగి మెల్లగ దిగును. కాని మడులనుండి తెచ్చిన కల్లుప్పులో మెగ్నీషియము, కాల్షియము లవణములు కలిసియుండును. ఇవి ఉప్పు లోనికి దిగుటకు అడ్డుపడును; మెగ్నీషియము గాలిలోని తేమను పీల్చి వానకాలమున చేపను చెమర్చునట్లు చేయును. మడినుండి తీసిన వెంటనే కాక, కొంతకాలము కుప్పవేసి నీరు కారిపోయిన పాత ఉప్పును వాడుటయే మేలు. ఉప్పుచేపపై ఎర్రగ, గులాబిరంగున కనబడు జిగట కూడ ఉప్పు వెంట వచ్చినదే. ఉప్పును ప్రేమించు సూక్ష్మజీవులు కొన్ని ఉప్పుమడులలోనే పుట్టి, ఉప్పుతోనే చేపపైకి వచ్చును. ఉప్పులో ఏదియు బ్రతకదను మాట పూర్తిగ నిజము కాదు.

వంద గ్రాముల నీటిలో సుమారు 36 గ్రాములకు మించి ఉప్పు కరగదు. ఊట ఆ స్థితికి వచ్చినదనుటకు పాత్ర అడుగున కరగని ఉప్పు మిగులుటయే గుర్తు. సముద్రపునీటిలో లీటరుకు సుమారు 35 గ్రాములే ఉప్పుండును. అనగా ఊటలోని ఉప్పులో పదవవంతునకు దగ్గర. చేపను సముద్రపునీటి బక్కెటులో ఉంచిన చాలునని తలచువారు ఈ సంగతి గమనింపవలెను. ఉప్పునీరే గదా యను ధీమాతో ఎరను పోగొట్టుకొన్నవారు తక్కువగ నుండరు.

ఉప్పుఎరను గాలమునకు గ్రుచ్చుటకు ముందు కొంతసేపు సముద్రపునీటిలో నానవేసినచో బిగిసిన మాంసము కొంత సడలును. అయినను తాజా ఎరకు వచ్చినన్ని చేపలు దీనికి రావు. ఊటతోపాటు ఆమినో ఆమ్లములు కూడ కారిపోయినవి గదా! ఉప్పుఎర గట్టి ఎర, కరవునకు ఎర. ఐసులేని ఊరికి, కరెంటు లేని లంకకు అదియే గతి.

ఉప్పు మాట వచ్చినప్పుడు చరిత్రను విడిచిపోవుట కుదరదు. ఆంగ్లేయుల పాలనలో ఉప్పు ప్రభుత్వ గుత్త సొత్తు, దానిపై పన్ను. పూర్వము తీరమునందలి ఉప్పుమట్టిని ప్రోవుచేసి చేపలకు వాడుకొన్న జాలరికి ఆ మట్టిని ముట్టుటయే నేరమయ్యెను. భారతదేశపు సముద్ర మత్స్యములను పరిశీలించిన ఫ్రాన్సిస్ డే తన 1873 నాటి నివేదికలో ఖరీదైన ఉప్పువలన చేపలు సరిగ ఊరక చెడుచున్నవని ఎత్తిచూపెను. పిమ్మట మద్రాసు రాజధాని తీరమంతట ప్రభుత్వమువారు ఆవరణములు కట్టి, వాని లోపల చేపలకు పట్టించుటకు మాత్రము పన్నులేని ఉప్పు నిచ్చిరి. ఇది మేలే. కాని ఆ ఉప్పు ఆవరణము దాటి రారాదు. అమ్మకపు చేపకు దొరకిన ఆ సౌకర్యము ఇంటియొద్ద కుండలో నాలుగు కవళ్ళను ఎరగా దాచుకొను నిరుపేదకు అందలేదు. చట్టము వ్రాయువారికి అమ్మకపు చేప కనబడినంతగ ఎరకుండ కనబడదు.

1905లో మద్రాసు ప్రభుత్వము పక్షమున మత్స్యపరిశ్రమను శోధింప పూనుకొన్న సర్ ఫ్రెడరిక్ నికల్సన్, మిగిలిపోయిన చేపకు కాక తాజాచేపకే ఉప్పు పట్టింపవలెనన్న విషయముపై ఎంతయో శ్రమించెను. 1930లో బందరు తీరమున ఉప్పు సత్యాగ్రహము జరిగినప్పుడు బస్తీలవారికి అది స్వాతంత్ర్య చిహ్నము. జాలరివాడకు అది కుండలోని వస్తువు కూడ. ఉప్పుపన్ను 1947లో రద్దయ్యెను.

ఐసు వచ్చిన పిదప కథ మారినది. కిలో ఐసు కరగునప్పుడు 80 కిలోకేలరీల వేడిని తనలోనికి తీసికొనును. ఐసు చల్లగ నుండుట కంటె కరగుటయే చేపను కాపాడునదని దీనివలన తెలియును. కరగకుండ నిలిచిన పెద్దగడ్డకంటె చితకగొట్టిన ఐసు మేలు. అది చేపను నలువైపుల తాకును. మన వాతావరణమున చేప యెంతో ఐసంత యని తూకము. ఖర్చుకు వెరచి సగము ఐసు వేయువాడు ఐసును పొదుపుచేసి చేపను పారవేయుచున్నాడు.

కాని ఎర విషయములో ఐసుకు ఒక దోషము కలదు. అది మంచినీటి ఐసు. కరగిన నీరు చేపపై కారి, మాంసములోని రుచిని, వాసనను కడిగివేయును, చర్మము పాలిపోవును, మాంసము ఉబ్బి మెత్తబడును. అమ్మకపు చేపకు ఈ దోషము సహింపదగినదే, ఎరకు కాదు. అందువలన ఎరను ముందు ప్లాస్టికు సంచిలో మూతికట్టి, ఆ సంచిని ఐసులో పూడ్చవలెను. పెట్టె అడుగున రంధ్రముండి కరగిన నీరు పోవుచుండవలెను. మరియొక ఉపాయము, ఐసును సముద్రపునీటిలో కలిపి ఆ జావలో చేపను ముంచుట. ఉప్పు కలిసిన ఆ జావ సున్నకు కొంచెము దిగువకు చల్లబడి, చేపను త్వరగ చల్లార్చును. మంచినీటివలె మాంసమును ఉబ్బింపదు.

ఉప్పును ఐసును జోడించుట ఇంకను మేలు. కవళ్ళపై పలుచగ కల్లుప్పు చల్లి, కొద్ది గంటలు ఉంచి, దిగిన ఊటను వంపివేసి, సంచిలో కట్టి ఐసులో పెట్టినచో చర్మము బిగియును, పొట్ట పగులుట తగ్గును. లోని మాంసమున వాసన చాలవరకు నిలిచియుండును. పైన చెప్పిన చిక్కునకు ఇది పూర్తి పరిష్కారము కాదు, ఒక రాజీ. కాని వారములోపు వేటకు ఇంతకు మించిన రాజీ కనబడదు.

నెలల తరబడి దాచవలెనన్న చలిపెట్టె కావలెను. అదియు సున్నకు దిగువ 18 డిగ్రీలలో నుండవలెను. మెల్లగ గడ్డకట్టిన చేపలో నీరు పెద్ద స్ఫటికములుగ ఏర్పడి కణముల గోడలను చీల్చును. అది కరగునప్పుడు రసమంతయు కారిపోయి మాంసము పత్తివలె మిగులును. త్వరగ గడ్డకట్టినచో స్ఫటికములు చిన్నవి, హాని తక్కువ. ఇంటి ఫ్రీజరులో పెద్దమూట ఒక్కసారి వేసినచో నడిమి చేప గడ్డకట్టునప్పటికి రోజు గడచును. ఒకనాటి వేటకు చాలినంత చొప్పున పలుచని పొట్లములు కట్టి, గాలి లేకుండ ఒత్తి, పరచి పెట్టుట దీనికి మందు. నూనెచేప ఎంత చలిలోను గాలి సోకినచో ముక్కిపోవును. గడ్డకట్టిన చేపను ఒక్కసారి చన్నీటిలో ముంచి తీసినచో పైన సన్నని మంచుపొర ఏర్పడి గాలిని ఆపును. ఒకమారు కరగినదానిని మరల గడ్డకట్టించుట పనికిరాదు. పొడుగుత్రాటి గాలముల పడవలలో ఎరను పూర్తిగ కరగనీయక, సగము గట్టిగ నున్నప్పుడే గ్రుచ్చుదురు. నీటిలో దిగుచు కరగును. గ్రుచ్చు చేతికి డీజిలు, పొగాకు అంటియుండరాదు. చేప ముక్కు ఆ చేతిని కూడ పసిగట్టును.

బ్రతికిన ఎరకు సాటి లేదని వేరుగ చెప్పనక్కరలేదు. లక్షదీవులలోని మినికాయి జాలరులు పడవలోనే సముద్రపునీరు పారు తొట్టిలో చిన్నచేపలను ప్రాణముతో ఉంచి, ట్యూనాగుంపు కనబడినప్పుడు వానిని నీటిలో చల్లి, గుంపును పడవచెంత నిలిపి, కఱ్ఱగాలములతో లాగుదురు. ఈ విధానమున తొట్టిలో ఎన్ని చేపలు పట్టుననుటకంటె ఎన్నిటికి ఊపిరి అందుననుటయే ముఖ్యము. వెచ్చని నీటిలో ప్రాణవాయువు తక్కువ కరగును గనుక మధ్యాహ్నమునకు క్రిక్కిరిసిన తొట్టిలో చావు మొదలగును. మన కృష్ణాతీరపు మండపీత ఇంత శ్రమ పెట్టదు. కాళ్ళు కట్టి, తడిగోనెలోనో తడియాకులలోనో నీడను ఉంచినచో దినములకొలది బ్రతికియుండును. మొప్పలు తడిగ నున్నంతవరకు దానికి నీటి తొట్టి అక్కరలేదు.

ఎర యొక దేశపు శాసనసభకు ఎక్కిన కథ కూడ కలదు. అట్లాంటికు సముద్రమున న్యూఫౌండ్‌లాండ్ చెంత కాడ్ చేపల వేటకు ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు పోటీపడెడివారు. ఫ్రెంచి పడవలకు గాలపు ఎరగ హెర్రింగు మొదలగు చేపలను న్యూఫౌండ్‌లాండ్ పల్లెవారే అమ్మెడివారు. పోటీదారుని చేపల అమ్మకమును తాకలేని ఆ ప్రభుత్వము అతని ఎరను తాకెను. 1887లో ఎర అమ్మకమును కట్టడిచేయు చట్టము చేసెను. ఫ్రెంచివారు ఎర లేక వేట మానలేదు. తాము వేటాడు తావుననే నత్తగుల్లలను పట్టి గాలములకు గ్రుచ్చిరి. చట్టమువలన పోటీదారునికంటె ఎర అమ్ముకొని బ్రతుకు సొంత పల్లెవారికే గట్టిదెబ్బ తగిలెనను విమర్శ ఆనాడే వచ్చెను.

ఇక రెండు హెచ్చరికలు. ఇవి తీరమునకే కాక మెట్టవారికిని పనికివచ్చును.

మొదటిది, మిగిలిన ఎర కూరకుండలోనికి పోవుట. వేట లేని దినమున ఎరపెట్టెలోని కానాగుర్తలను వండుకొనుట పేదయింట సహజము. వేడికి గురియైన కానాగుర్త, కవలు, ట్యూనా మాంసములలో సూక్ష్మజీవులవలన హిస్టమిన్ అను పదార్థము పుట్టును. అది తిన్నవారికి ముఖము ఎర్రబారి, దద్దురులు లేచి, తలనొప్పి, వాంతులు కలుగును. ఉడికించినను, వేయించినను అది నశింపదు. వాసన చూచి నిర్ణయించుటకును వీలులేదు; బాగుగ నున్నట్లు తోచు చేపలోను అది ఉండవచ్చును. కావున ఎరపెట్టెను, కూరపెట్టెను మొదటినుండియే వేరుచేసి, కూరకు ఉంచునదానికి ఎడతెగక ఐసు అందించుట తప్ప వేరు మార్గము లేదు. ఎండచూచిన ఎరను ఇల్లాలికి ఇవ్వరాదు.

రెండవది రొయ్య ఎరను గురించి. 1994, 1995 సంవత్సరములలో ఆంధ్రతీరపు రొయ్యల చెరువులను తెల్లమచ్చల వ్యాధి ఊడ్చివేసినది. భూములు తాకట్టుపెట్టి చెరువులు త్రవ్విన కుటుంబములు ఆ దెబ్బనుండి తేరుకొనుటకు ఏండ్లు పట్టినది. ఆ వ్యాధికి మూలమైన వైరసు చలిపెట్టెలో చావదు. ఎరను చెడకుండ ఉంచు చలియే వైరసును కూడ చెడకుండ ఉంచును! 2016 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని లోగన్ నదిచెంత రొయ్యల చెరువులలో ఈ వ్యాధి పొడచూపినప్పుడు, తినుటకు దిగుమతియైన పచ్చిరొయ్యలను గాలగాండ్రు ఎరగ వాడుటవలన అది వచ్చియుండునని బలముగ అనుమానించిరి. పరదేశపు రొయ్యల మాట యటుండగ, మన రాష్ట్రముననే ఒక చెరువు చెంత కొన్న రొయ్యను మరియొక కాలువలో గాలమునకు గ్రుచ్చుట నిత్యము జరుగునదే.

కావున రొయ్యను ఎరగ కొనువాడు అది ఏ చెరువునుండి వచ్చినదో అడుగవలెను. రోగమువలన తొందరపడి పట్టి, చౌకగ అమ్మిన సరుకును ఎరకు ముట్టరాదు. సముద్రమున పట్టిన ఎరను సముద్రముననే వాడవలెను. వేట ముగిసిన పిమ్మట మిగిలిన రొయ్యతలలను, ఎరపెట్టె అడుగునీటిని కాలువలోను చెరువులోను పోయక, గట్టునకు దూరముగ గొయ్యి త్రవ్వి సున్నముతో పూడ్చవలెను. పెట్టెను కడిగి, ఎండలో బాగుగ ఎండనిచ్చి, మరునాటి కవళ్ళకు సిద్ధపరచుకొనవలెను.